తేరుకునే బలం

(అనంతపురంలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, ఇంటర్, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో బుడ్డలు, అంటే వేరుశనగ పండించే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు చాలామందే ఉంటారు. కాబట్టి చేను దగ్గరే మొదలుపెడతాను. బోరు కింద బుడ్డలు పెట్టినప్పుడు పైరు మొలిచి నిలదొక్కుకున్నాక కొన్నాళ్ళు కావాలనే నీళ్ళు ఆపుతారు. బెట్ట పెట్టడం అంటాం దాన్ని. ఆకు కాస్త వాడుతుంది. తెలియనివాళ్ళు చూస్తే పైరు చిక్కిపోతోంది అనుకుంటారు. లోపల మాత్రం వేరు తడి వెతుక్కుంటూ కిందికి దిగుతూ ఉంటుంది. మళ్ళీ తడి ఇచ్చేసరికి పూత ఒక్కసారిగా, ఒత్తుగా వస్తుంది. అదే బెట్ట ఊడలు (కాయ పట్టే కాడలు) నేలలోకి దిగేటప్పుడో కాయ ఊరేటప్పుడో, అంటే విత్తిన 45–50 రోజుల నుంచి 85–90 రోజుల మధ్య తగిలిందంటే పంట చేతికి రాదు. రెండూ బెట్టే. ఎప్పుడు తగిలింది, ఎంత తగిలింది, ఆ తర్వాత తడి అందిందా అనే దాన్నిబట్టి ఒకటి మేలు చేస్తుంది, ఇంకొకటి ముంచుతుంది.

పిల్లలకు కష్టమే తెలియకుండా పెంచాలనేవాళ్ళు ఒకవైపు ఉన్నారు, కష్టపెడితేనే గట్టిపడతారనేవాళ్ళు ఇంకోవైపు ఉన్నారు. ఇద్దరూ సగం సంగతే చూస్తున్నారు. కొలత ఉన్న కష్టం, వెంటనే విశ్రాంతి, మళ్ళీ కొంచెం ఎక్కువ కష్టం. ఒంటికైనా మనసుకైనా ఇదే పద్ధతి. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ కొలతల గురించే.

పేపర్లలో 'మానసిక దృఢత్వం' అని రాస్తుంటారు. దృఢం అనగానే రాయి గుర్తుకొస్తుంది నాకు. మన భాషలో అంతకంటే సరైన మాట ఉంది, తేరుకోవడం. జ్వరం నుంచి తేరుకుంది అంటాం. కలక నీళ్ళు బిందెలో కదలకుండా పెడితే మడ్డి అడుక్కు దిగి నీళ్ళు తేరుకుంటాయి. మంచి మార్కులు రాకపోతే పిల్లవాడికి బాధ కలగాల్సిందే, కలగకపోతేనే ఆలోచించాలి. మనం చూడాల్సింది ఆ బాధ నుంచి మామూలు మనిషి కావడానికి ఎంతసేపు పడుతోంది అన్నది. ఒక పూటా, ఒక వారమా, ఒక నెలా? ఆ వ్యవధిని తగ్గించవచ్చు. అది పుట్టుకతో వచ్చే గుణం మాత్రమే అనుకోవద్దు.

హవాయి దీవుల్లో కవాయ్ అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలి బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో తాగుడు, తగాదాల మధ్య పెరిగిన పిల్లలు వాళ్ళలో చాలామంది. అలాంటి పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా స్థిరపడ్డారు. వాళ్ళలో పదేపదే కనిపించిన విషయం ఒకటి: కనీసం ఒక్క పెద్దమనిషి వాళ్ళను నిలకడగా పట్టించుకున్నాడు. అవ్వ కావచ్చు, మేనమామ కావచ్చు, బళ్ళో సార్ కావచ్చు. ఇక్కడ కూర్చున్న పీఈటీలు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. పిల్లవాడు ఆ ఒక్క మనిషిని ఎక్కువసార్లు వెతుక్కునేది గ్రౌండులోనే.

ఇప్పుడు అందరూ ఒక పని చేయండి. ఎడమ అరచెయ్యి పైకి తిప్పి పెట్టండి. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు, రెండూ కలిపి మణికట్టు మీద బొటనవేలి వైపు, ఎముక పక్కనున్న పల్లంలో ఆనించండి. బొటనవేలితో చూడొద్దు. దాంట్లోనూ ఒక నాడి కొట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది. మరీ నొక్కినా నాడి అందదు. దొరికిందా? 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. కూర్చుని ఉన్నప్పుడు మామూలుగా 60కి 100కి మధ్య వస్తుంది.

మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు కూర్చోండి. మిగతావాళ్ళు లేచి, మోకాళ్ళు నడుం ఎత్తుకు లేపుతూ ఉన్నచోటే ఒక నిమిషం పరుగెత్తండి. ఆపండి. వెంటనే 15 సెకన్లు లెక్క. సరిగ్గా ఒక నిమిషం నిలబడి మళ్ళీ 15 సెకన్లు. ఒకరికి మొదట 36 వచ్చింది అనుకుందాం, నిమిషానికి 144 అన్నమాట. నిమిషం తర్వాత 29 వచ్చింది, అంటే 116. తేడా 28. ఈ 28ని పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. వారానికి ఒకసారి, అదే రోజు, అదే వేళకు, అలాగే ఒక నిమిషం పరుగెత్తి చూడండి. క్రమంగా వ్యాయామం చేసేవాళ్ళకు రెండు మూడు నెలల్లో ఆ తేడా పెరుగుతూ రావడం కనిపిస్తుంది. పక్కవాళ్ళ అంకెతో పోల్చుకోవద్దు. వయసు, ముందురాత్రి నిద్ర, ఎండ, తాగొచ్చిన కాఫీ, అన్నీ దాన్ని మారుస్తాయి.

ఈ అంకెకూ మనసుకూ సంబంధం ఏమిటంటారా? ప్రశ్నపత్రం చేతికి రాగానే గుండె దడదడలాడుతుంది. ఊపిరి పైపైన ఆడుతుంది. అరచేతులకు చెమట పడుతుంది. పరుగెత్తినప్పుడూ ఒంట్లో జరిగేది దాదాపు ఇదే. అదే అడ్రినలిన్ హార్మోన్, అదే దడ. ఎప్పుడూ పరుగెత్తని పిల్లవాడికి ఆ దడ ఒక్క భయంలోనే పరిచయం. అందుకే దడ మొదలవగానే 'నాకేదో అయిపోతోంది' అనుకుంటాడు, ఆ అనుకోవడంతో దడ రెట్టింపవుతుంది. వారానికి నాలుగైదుసార్లు గుండె 150 దాకా పోయి మళ్ళీ తనంతట తనే దిగిరావడం చూసిన పిల్లకు ఆ భయం అంతగా అంటుకోదు. 'పోతుంది, దిగుతుంది' అని ఒంటికే తెలిసిపోయి ఉంటుంది. ఎన్ని ధైర్య వచనాలు చెప్పినా ఈ పని చేయలేవు.

మన కబడ్డీని ఈ కంటితో ఒకసారి చూడండి. కూతకు పోయినవాడికి 30 సెకన్లు. ఊపిరి తీయకుండా కూత పెట్టాలి, అంటే నెమ్మదిగా, పొడుగ్గా ఊపిరి వదలాలి. ఎదురుగా ఏడుగురు. భయం నిజమే, దెబ్బ నిజమే, అయినా కొలత ఉంది: గీత దాటి వస్తే అయిపోయింది. దొరికిపోయాడా, బయట కూర్చుంటాడు. తన జట్టు అవతలివాడిని ఔట్ చేయగానే బతికి మళ్ళీ లోపలికి వస్తాడు. ఓడటం, కూర్చోవడం, తోటివాళ్ళ వల్ల బతకడం, మళ్ళీ ఆడటం. ఒక సాయంత్రంలో పిల్లవాడు దీన్ని పదిసార్లు చేస్తాడు. తేరుకోవడం నేర్పడానికి ఇంతకంటే చవకైన సాధనం నాకు తెలియదు. ముగ్గు డబ్బాతో గీసిన నాలుగు గీతలు, రాళ్ళు ఏరేసిన నేల చాలు.

ఇక ఎంత చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకు రోజుకు సగటున 60 నిమిషాలు, ఒక మోస్తరు నుంచి గట్టి శ్రమ వరకు ఉండాలి. అందులో వారానికి మూడు రోజులైనా కండరానికి, ఎముకకు బలమిచ్చేవి ఉండాలి. 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 11–17 ఏళ్ళ పిల్లల్లో 81 శాతం మందికి ఈ మాత్రం కదలిక లేదు. ఒక మోస్తరు శ్రమ అంటే ఏమిటో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అది మోస్తరు. రెండు మూడు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తే అది గట్టి శ్రమ. గంట ఒకే దెబ్బకు చేయాలని లేదు. బడికి 15 నిమిషాలు సైకిల్, విరామంలో 15 నిమిషాలు ఖోఖో, సాయంత్రం అరగంట గ్రౌండు. సరిపోయింది.

అసలు కదలిక లేని పిల్లవాడిని మొదలుపెట్టించేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి, కాబట్టి అక్కడ కొంచెం ఆగుదాం. మొదటిరోజే ఉత్సాహంగా ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు పోయి పది రౌండ్లు కొడతాడు. రెండోరోజు, మూడోరోజు తొడలు, పిక్కలు పట్టేస్తాయి. మెట్లు దిగలేడు. నాలుగోరోజు మానేస్తాడు, 'నా ఒళ్ళు దీనికి పనికిరాదు' అని తేల్చేస్తాడు. అలవాటు లేని కండరానికి శ్రమ తర్వాత 24 నుంచి 72 గంటల మధ్య నొప్పి ఎక్కువగా ఉండటం సహజం. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే మానేవాడు కాదు.

అందుకని మొదటివారం మూడు రోజులే, రోజు విడిచి రోజు. ఐదు నిమిషాలు మామూలు నడక. తర్వాత ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఆరుసార్లు. చివర ఐదు నిమిషాలు నడక. మొత్తం 28 నిమిషాలు. రెండోవారం పరుగు నిమిషంన్నర చేయండి, నడక రెండే. మూడోవారం రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, ఐదుసార్లు. నాలుగోవారం మూడు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, నాలుగుసార్లు. పరుగెత్తేటప్పుడు పక్కనున్న వాడితో ఒక వాక్యం చెప్పగలగాలి. చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్టు. ఏ వారమైనా కష్టమనిపిస్తే ఆ వారాన్నే ఇంకోసారి చేయడం, అంతే. వెనక్కి పోవడం ఓటమి కాదని నేర్చుకోవడానికి కూడా ఇదే చోటు.

మిగతా మూడు రోజుల్లో బలం కోసం పది పన్నెండు నిమిషాలు. కుర్చీలో కూర్చుని లేవడం 10సార్లు, గోడకు చేతులు ఆనించి దండీలు 10, ప్లాంక్, అంటే మోచేతులు, కాలివేళ్ళ మీద ఒంటిని పలకలా తిన్నగా నిలపడం, 20 సెకన్లు. మధ్యలో నిమిషం విశ్రాంతితో ఈ మూడింటినీ రెండుసార్లు. ప్లాంక్‌లో నడుం కిందికి వేలాడితే నడుం నొప్పి వస్తుంది. నడుం దిగుతోందంటే సెకన్లు మిగిలి ఉన్నా ఆపేయాలి. తాడాట ఇంకా మంచిది. తాడు మధ్యలో కాలు పెట్టి తొక్కి పైకి లాగితే పిడులు చంకల దాకా రావాలి, అది సరైన పొడవు. 30 సెకన్లు ఎగరడం, 30 సెకన్లు ఆగడం, ఎనిమిదిసార్లు. నేలకు అంగుళం ఎత్తు లేస్తే చాలు. సిమెంటు నేల మీద వద్దు, మట్టి మీద ఎగరండి. సిమెంటు మీద, తారు రోడ్డు మీద రోజూ పరుగెత్తే పిల్లలకు మోకాలి కింద ముందెముక వెంట నొప్పి పట్టుకుంటుంది. అది వస్తే వారం పది రోజులు పరుగు ఆపి సైకిలుకు మారాలి, బూట్లు అరిగాయేమో చూసుకోవాలి. ఎముక మీద ఒక్కచోట వేలు పెడితే ప్రాణం పోయినంత నొప్పి ఉంటే ఎముకల డాక్టరుకు చూపించాల్సిందే.

మన దగ్గర ఎండ సంగతి వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దున ఏడు లోపల, లేదంటే సాయంత్రం ఆరు తర్వాత. గ్రౌండుకు పోయే ముందు రెండు గ్లాసుల నీళ్ళు, మధ్యలో పావుగంటకోసారి నాలుగైదు గుక్కలు. తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ. ఎండలో ఆడుతున్న పిల్లవాడు తడబడి మాట్లాడుతున్నా, దారి తెలియనట్టు చూస్తున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది అలసట కాదు, వడదెబ్బ. నీడలోకి మోసి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరాలి. 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఇంకో హెచ్చరిక. ఆడుతూ ఆడుతూ కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లను, ఛాతీలో నొప్పి అన్న పిల్లను, దగ్గరి బంధువుల్లో చిన్నవయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్ళున్న పిల్లను డాక్టరు చూసేదాకా మళ్ళీ గ్రౌండులోకి దించొద్దు. ఉబ్బసం ఉన్న పిల్లలు ఆడొచ్చు. ఒళ్ళు వేడెక్కించుకోవడానికి పది పదిహేను నిమిషాలు తీసుకోవాలి, ఇన్‌హేలర్ జేబులో ఉండాలి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. హోమ్‌వర్కు చేయనివాడికి గుంజీళ్ళు, ఆలస్యంగా వచ్చినవాడికి గ్రౌండు చుట్టూ రౌండ్లు, దయచేసి ఇది మానండి. పరుగు శిక్ష అని ఒకసారి మనసులో పడితే ఆ పిల్లవాడు ముప్ఫై ఏళ్ళు వచ్చినా పరుగెత్తడు. అలాగే పీఈటీ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేయడం. పరీక్షల నెలలో ముందు కోత పడేది ఆటలకే. చేనులో ఊడలు దిగే వేళకు నీళ్ళు ఆపడం లాంటిదే అది.

ఆడపిల్లల విషయంలో కారణాలు వేరు. పన్నెండు పదమూడేళ్ళు రాగానే చాలామంది గ్రౌండు మానేస్తారు. 'ఇష్టం లేదు సార్' అంటారు. తరచి చూస్తే బట్టలు మార్చుకునే చోటు ఉండదు, బాత్రూంలో నీళ్ళు ఉండవు, మగపిల్లలు గ్రౌండంతా ఆక్రమించి ఉంటారు, ఆటకు సరిపోయే లోదుస్తులు ఇంట్లో కొనరు. వారానికి మూడు రోజులు అరగంట గ్రౌండును ఆడపిల్లలకే కేటాయించి, ఒక మేడమ్ అక్కడ నిలబడితే సగం సమస్య తీరుతుంది. నెలసరిలో ఆడకూడదన్నది అపోహ. నొప్పి ఎక్కువ ఉన్నరోజు నడక చాలు, లేనిరోజు మామూలుగా ఆడొచ్చు. కడప జిల్లా పల్లె నుంచి పోయిన శ్రీచరణి 2025లో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో బౌలింగ్ చేసింది. మన అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి. చోటు లేదు, దారి లేదు అనడానికి లేదు.

రెండు మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం, చదివింది నిలవకపోవడం ఉంటే దాన్ని బద్ధకం అని తిట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బళ్ళో వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ. టీ, కాఫీ గంట ముందూ గంట తర్వాతా వద్దు, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మకాయ నీళ్ళు, జామకాయ ఉంటే బాగా పడుతుంది. తిండి గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పను. సంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు, పిడికెడు బుడ్డలు ఉన్న ఇంట్లో జిమ్ పొడుల డబ్బా అవసరం లేదు.

ఇప్పుడు ఆలోచన దగ్గరికొద్దాం.

ఆరోగ్యమైన ఆలోచన అనగానే 'అంతా మంచే జరుగుతుంది అనుకో నాయనా' అంటారు. అలా అనుకోమంటే పిల్లవాడి మనసు ఒప్పుకోదు, ఎందుకంటే అది నిజం కాదని వాడికి తెలుసు. ఆరన్ బెక్ అనే మనోవైద్యుడు 1960ల్లో ఒక పద్ధతికి పునాది వేశాడు. మనల్ని కుంగదీసేది జరిగిన సంఘటన ఒక్కటే కాదు, దాని గురించి మనసులో చటుక్కున మెదిలే మాట కూడా అన్నాడు. ఆ మాటను పట్టుకుని, కొలిచి చూడటమే మన పని. తీపి మాట అక్కర్లేదు. కొలతకు సరిపోయే మాట కావాలి.

ఒక అబ్బాయిని అనుకుందాం. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఆదివారం టెస్టులో ఫిజిక్స్ 100కి 38. లాంగ్ నోట్‌బుక్‌లో ఒక పేజీని నాలుగు మడతలు పెట్టి విప్పితే నాలుగు నిలువు గళ్ళు వస్తాయి. మొదటి గడిలో జరిగిందేమిటో రాయాలి. ఫోన్ కెమెరా తీయగలిగినంత మాత్రమే. 'ఫిజిక్స్‌లో పరువు పోయింది' అని రాశాడనుకోండి, కొట్టేయించండి. పరువు కెమెరాకు దొరకదు. 'ఫిజిక్స్ 38' అని రాయాలి. రెండో గడిలో మనసులో మెదిలిన మాట ఉన్నదున్నట్టు: 'నేను మొద్దును. నాయన అప్పు చేసి కట్టిన ఫీజు బూడిదలో పోసిన పన్నీరు.' మూడో గడిలో భావం, దాని తీవ్రత సున్నా నుంచి 100 లోపల: దిగులు 80, సిగ్గు 70. నాలుగో గడిలో ఏం చేశాడు: రాత్రి అన్నానికి పోలేదు, ఫిజిక్స్ పుస్తకం తీయలేదు.

ఇప్పుడు పేజీ కింద మూడు ప్రశ్నలు. రెండో గడిలో మాట నిజమనడానికి రుజువేమిటి? కాదనడానికి రుజువేమిటి? ఇవే మార్కులు నా స్నేహితుడికి వస్తే వాడితో ఏమంటాను? మూడోదాన్ని వదలొద్దు. తనను తాను మొద్దు అనుకునేవాడు స్నేహితుణ్ణి ఆ మాట అనడు. తర్వాత జవాబుపత్రం పక్కన పెట్టుకుని లెక్క తీయాలి. పోయిన 62 మార్కుల్లో 28 ఒక్క టార్క్ లెక్కల దగ్గరే పోయాయి, 12 సమయం చాలక ముట్టుకోలేదు, మిగతావి అక్కడక్కడ. ఇక మాట మారుతుంది: 'టార్క్ నాకు రాలేదు. ముందు టెస్టులో 61 వచ్చింది. మంగళవారం స్టడీ అవర్లో సార్‌ను నాలుగు లెక్కలు అడగాలి.' ఇందులో పొగడ్త లేదు, ఓదార్పు లేదు. దిగులు మళ్ళీ కొలిస్తే 80 కాస్తా 50 అవుతుంది. సున్నా కాదు. సున్నా అవ్వాలని చూసేవాళ్ళే ఈ పద్ధతి పనిచేయదని పుస్తకం మూసేస్తారు.

పదిరోజులు రాస్తే ఎవరి మనసు ఏ గుంతలో పడుతుందో వాళ్ళకే కనిపిస్తుంది. కొందరిది గోరంతను కొండంత చేసే మనసు. కొందరికి వస్తే ర్యాంకు, లేకపోతే ఏమీ లేనట్టు, మధ్యలో మెట్లే ఉండవు. కొందరు ఎదుటివాళ్ళ మనసు చదివేస్తారు: 'వాళ్ళు నన్ను చూసే నవ్వుతున్నారు.' కొందరు జోస్యం చెప్పేస్తారు: 'సీటు రాదు, నాకు తెలుసు.' గుంతకు పేరు పెట్టగలిగితే పడినా తొందరగా లేస్తారు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటి. దిగులో కోపమో 80, 90లో ఉన్నప్పుడు పుస్తకం చేతికిచ్చి రాయమంటారు. ఆ వేడిలో మెదడు లెక్క వినదు. ముందు ఒళ్ళు, తర్వాత పుస్తకం. పది పదిహేను నిమిషాలు వేగంగా నడవాలి. బయటికి పోయే వీలు లేని హాస్టల్ రాత్రుల్లో ఊపిరి: నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో తీసుకోవడం, ఆరు లెక్కపెడుతూ వదలడం, ఐదు నిమిషాలు. బలంగా లోతుగా లాగితే కళ్ళు తిరుగుతాయి, మామూలుగానే తీసుకుని వదలడం మాత్రం నెమ్మదిగా చేయాలి. ఇది మనసు బాగున్న రోజుల్లో అభ్యాసం చేసి ఉంటేనే బాగాలేని రోజు అక్కరకొస్తుంది. వాన మొదలయ్యాక ఇల్లు కప్పలేం కదా.

పడుకున్నాక ఆలోచనలు ముసురుకునే పిల్లలకు సాయంత్రం ఆరింటికి ఒక 20 నిమిషాలు 'చింత వేళ' పెట్టండి. ఉన్న చింతలన్నీ కాగితం మీద రాసి, నా చేతిలో ఉన్నవీ లేనివీ అని విడగొట్టాలి. ఉన్నవాటి పక్కన తర్వాతి అడుగు, తేదీ. రాత్రి మళ్ళీ గుర్తొస్తే 'రేపు ఆరింటికి' అని వాయిదా వేయాలి. మొదటి వారం కుదరదు. రెండో వారం నుంచి కొంత కుదురుతుంది.

నిద్ర గురించి చెప్పకపోతే ఇదంతా వృథా. 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళకు 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రి 11కి పడుకోబెట్టి 5కి లేపే టైమ్‌టేబుల్లో 6 గంటలే దొరుకుతాయి. ఈ వయసులో నిద్ర ఆలస్యంగా ముంచుకురావడం ఒంటి స్వభావం, పొగరు కాదు. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఒక గంట చదువు తగ్గించి నిద్రకిస్తే నష్టం లేదని యాజమాన్యాలతో మాట్లాడాల్సింది తల్లిదండ్రులే. పిల్లలు అడిగితే సాకు అంటారు, మీరు పదిమంది కలిసి అడిగితే వింటారు. సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ, టీ ఆపండి. ఫోన్ మంచానికి దూరంగా, వీలైతే ఇంకో గదిలో పెట్టండి.

కష్టమంతా పిల్లవాడి తలకాయలోనే ఉందనుకోవద్దు. సీనియర్లు కొడుతున్నారు, ఎవరో ముట్టుకోకూడని చోట ముట్టుకుంటున్నారు, ఇంట్లో రోజూ తాగి గొడవ, హాస్టల్లో తిండి చాలదు. అలాంటప్పుడు పరుగెత్తు, ఆలోచన మార్చుకో అని చెప్పడం అన్యాయం. అక్కడ మార్చాల్సింది పరిస్థితిని, అది పెద్దవాళ్ళ పని. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది.

రెండు వారాలకు పైగా ముభావంగా ఉండటం, ఆట, స్నేహితులు, ఇష్టమైన తిండి వదిలేయడం, నిద్ర తారుమారవడం, తన వస్తువులు ఇతరులకు పంచేయడం, 'నేను లేకపోతే మీకే నయం' లాంటి మాటలు. ఇవి కనిపిస్తే నేరుగా అడగండి: 'చచ్చిపోవాలని అనిపిస్తోందా నాయనా?' అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడతారు. పుట్టదు. మోయలేని బరువును దించుకునే వీలు దొరుకుతుంది. అవునంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆపద ఆ క్షణానే ఉందనిపిస్తే ఆసుపత్రికి తీసుకుపోండి.

వ్యవసాయం ఉన్న ఇళ్ళకు ప్రత్యేకంగా చెబుతున్నాను. పురుగుమందు డబ్బాలు ఇంట్లో, దొడ్లో, మంచం కింద పెట్టొద్దు. చేను దగ్గర గదిలో తాళం వేసి పెట్టండి, తాళంచెవి పెద్దవాళ్ళ దగ్గరే ఉండాలి. ప్రాణం తీసుకోవాలన్న ఉధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు చేతికి ఏమీ అందకపోతే ఒక ప్రాణం నిలుస్తుంది.

చివరగా ఫలితాల రోజు. అది ఏ తేదీనో ముందే తెలుస్తుంది, కాబట్టి మీరూ ముందే సిద్ధం కండి. ఆ రోజు ఇంట్లో ఒకరైనా పనికి పోకుండా ఉండండి. బంధువుల ఫోన్లు పిల్లల చేతికి ఇవ్వొద్దు, మీరే ఎత్తి 'మేమే చేస్తాం' అని పెట్టేయండి. మార్కులు చూడగానే మీ నోట వచ్చే మొదటిమాట ఏమిటో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. 'పక్కింటి పిల్లకు ఎంత?' అన్నది మాత్రం ఆ మాట కాకూడదు. 'రా, కూర్చో, అన్నం తిందాం' అంటే చాలు. పరీక్ష తప్పితే ఏడాది పోయిందని వాళ్ళు అనుకుంటారు. పోలేదు, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. ఫీజు గడువు, రీకౌంటింగ్ గడువు చూసి క్యాలెండరు మీద మీరే గుర్తు పెట్టండి. లెక్కలు తీయడం, ఏ చాప్టర్లో పోయిందో చూడటం మూడోరోజు చేసుకోవచ్చు. కానీ మరుసటి పొద్దున ఆరింటికి, రోజూ గ్రౌండుకు పోయే వేళకు, వాళ్ళను లేపండి. మీరూ బూట్లు వేసుకుని వెంట పోండి. మాట్లాడాలని లేదు. పక్కన నడిస్తే చాలు.